తిరకాసు ప్రశ్నలోనా, పెద్దల బుర్రలోనా?

సార్: చెట్టు మీద పది పిట్టలున్నాయి. వేటగాడు ఒకదాన్ని కొట్టాడు. చెట్టు మీద ఇంకా ఎన్ని ఉన్నాయి? మూడో తరగతిలో అడిగితే గదంతా ఒకటే గోల మేడం, జవాబు చెప్పడానికి పోటీ. అదే వాళ్ల తల్లిదండ్రుల్ని అడిగి చూడండి. ఒకాయన ‘తొమ్...’ అని సగంలో నోరు మూసుకుంటాడు. ఇంకొకాయన ‘కొట్టిన పిట్ట కింద పడ్డదా, కొమ్మల్లో ఇరికిందా?’ అంటాడు. మరొకాయనకు తుపాకా గులేరా తెలియాలి. డిగ్రీ చదివినాయనైతే ఆ పిట్టల్లో చెవిటివి ఉన్నాయేమో దాకా పోతాడు. మన సిర్గాపూర్‌లోనే కాదు, ఎక్కడైనా ఇంతే. ప్రశ్న జానెడు, అనుమానం బారెడు. వయసూ చదువూ పెరిగినకొద్దీ కళ్లెదుట ఉన్నది కనపడకుండా పోతుంది. ఇది పెద్దలకు పట్టిన జబ్బని నా వాదన.

మేడం: జబ్బని తేల్చేముందు ఆ మూడో తరగతి పిల్లవాణ్ణి కాస్త అనుమానించండి సార్. వాడు జవాబు ఆలోచించి చెప్పాడా? అన్న దగ్గరో పక్కింటి అక్క దగ్గరో మొన్ననే విని ఉంటాడు. విన్న రోజు వాడూ తొమ్మిదే అని ఉంటాడు, అందరూ నవ్వి ఉంటారు. ఆ ఉడుకు తీర్చుకోవడానికే ఇప్పుడు పెద్దవాళ్ల వెంట పడుతున్నాడు. ఇంట్లో, బడిలో ఎప్పుడూ ప్రశ్నలు అడిగించుకునేవాడికి ఎదురు ప్రశ్న అడిగి మనల్ని ఓడించే అవకాశం ఇక్కడే దొరుకుతుంది. జవాబు ముందే తెలిసిన పిల్లవాణ్ణీ, తెలియని పెద్దమనిషినీ పక్కపక్కన నిలబెట్టి వీడు చురుకు, ఆయన మొద్దు అనడం న్యాయం కాదు. పెద్దలు ఎక్కువ ఆలోచిస్తారా అంటే, ఔను. అది చెడ్డదా అంటే, నేను ఒప్పుకోను.

సార్: సరే, విన్న ప్రశ్నలు పక్కన పెడదాం. అసలు మాటలే లేని చిక్కు తీసుకోండి. డుంకర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పెట్టిన పరీక్ష ఒకటుంది. కొవ్వొత్తి, అగ్గిపెట్టె, డబ్బా నిండా పిన్నులు ఇచ్చి, మైనం కింద కారకుండా కొవ్వొత్తిని గోడకు నిలబెట్టమంటాడు. పిన్నులు బయటికి వంపి, ఖాళీ డబ్బాను గోడకు గుచ్చితే అదే గూడు. కానీ పిన్నులు నిండి ఉన్నంతసేపూ పెద్దలకు అది డబ్బాగానే కనిపిస్తుంది. 2000లో జర్మన్, డిఫేటర్ అనే పేర్లున్న ఇద్దరు పరిశోధకులు ఇలాంటిదే పిల్లలకు పెట్టారు. బొమ్మకు అందని ఎత్తులో వస్తువు ఉంది, డబ్బాను బోర్లించి ఎక్కిస్తే అందుతుంది. డబ్బాలో సామాను పెట్టి చూపించినప్పుడు ఆరేడేళ్లవాళ్లు తడబడ్డారు. ఐదేళ్లవాళ్లు తడబడలేదు. వాళ్లకు డబ్బా అంటే ఇందుకే అని ఇంకా స్థిరపడలేదు. ఇక్కడ అన్న చెప్పిందేమీ లేదు, అక్క చెప్పిందేమీ లేదు. ఏడేళ్లకే చూపు ఇంత బిగుసుకుంటే నలభై ఏళ్లకు ఎంత బిగుసుకోవాలి?

మేడం: డబ్బా డబ్బాగా కనపడటం వల్లనే కదా సార్ వంటింట్లో పని నడిచేది? ప్రతి డబ్బానూ గూడో, పీటో, టోపీయో అని చూస్తూ కూర్చుంటే పొయ్యి మీద పాలు పొంగిపోతాయి.

సార్: వంటింట్లో సరే. నా తరగతిలో అదే నష్టం చేస్తుంది. లూచిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1942లో అచ్చువేసిన నీళ్ల లెక్కలు చూడండి, ప్రతి లెక్కల మాస్టరూ చూడాల్సినవి. మూడు పాత్రలు: 21, 127, 3. వీటితో సరిగ్గా 100 కొలవాలి. పెద్దదాన్ని నింపి, అందులోంచి 21 ఒకసారి, 3 రెండుసార్లు తీసేస్తే వస్తుంది. ఇదే పద్ధతిలో వచ్చే లెక్కలు వరసగా చేయించాడు. ఆ తర్వాత 23, 49, 3 ఇచ్చి 20 కొలవమన్నాడు. 23లోంచి 3 తీస్తే అయిపోయె! కానీ పద్ధతి నేర్చినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ 49 నింపి, 23 తీసి, రెండుసార్లు 3 తీసి, చుట్టూ తిరిగి 20 తెచ్చారు. పద్ధతి నేర్వనివాళ్లు నేరుగా తెచ్చారు. ‘గుడ్డిగా పోవద్దు’ అని కాగితం మీద రాయించినా అందరూ మేలుకోలేదు. నేను రోజూ చూసేది ఇదే మేడం. పదో తరగతి పిల్లవాడికి చిన్న కూడిక ఇస్తే x అనుకుందాం అని మొదలుపెడతాడు.

మేడం: మీ సాక్ష్యం బలమైనదే. కాకపోతే ఆ నీళ్ల లెక్కలు చేసినవాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు కదా, వయసు మీదికి ఎట్లా నెట్టేస్తారు? పిల్లల చూపు నిర్మలం అనే మాటను నేను నమ్మను. ఫ్రాన్సులో గ్రెనోబుల్ అనే ఊళ్లో 1979లో రెండు మూడు తరగతుల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, ఓడ కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఉన్న అంకెలతో ఏదో ఒకటి చేసి వయసు తేల్చారు. ఎక్కువగా వచ్చేది ముప్పై ఆరు. మీ పిట్టల ప్రశ్నలో పెద్దలు చేసింది అంతకన్నా ఎంతో మెరుగు, కనీసం అడ్డు ప్రశ్న వేశారు! 2018లో చైనాలో ఒక జిల్లా అదే లెక్క ఐదో తరగతి పరీక్షలో ఇచ్చింది. చాలామంది పెద్దలు ఇదేం ప్రశ్న అని మండిపడ్డారు.

సార్: పిల్లలు బడి ప్రశ్నను నమ్మారు. బడి అడిగిందంటే జవాబు ఉండే ఉంటుందని.

మేడం: అదే నేను చెప్పేది. అడిగినవాళ్ల మీద నమ్మకం. పెద్దలదీ అదే నమ్మకం, ఇంకాస్త ముదిరింది. పాల్ గ్రైస్ అనే తత్వవేత్త 1975లో అచ్చయిన వ్యాసంలో దీన్ని వివరించాడు. మాట్లాడుకునేటప్పుడు ఎదుటివాడు అవసరమైనంతే, పనికొచ్చేదే చెప్తున్నాడని మనం అనుకుంటాం. ఆ నమ్మకం లేకపోతే సంభాషణే లేదు. బస్టాండులో ఎవరైనా ‘టైమెంతయిందో తెలుసా’ అంటే ‘తెలుసు’ అని ఊరుకునేవాణ్ణి ఏమంటాం? పిట్టల ప్రశ్నలో ‘పది’, ‘ఒకటి’ అనే అంకెలు ఎందుకు వచ్చాయి? తీసివేత చేయమనే కదా. విన్నవాడు మర్యాదగా తీసివేశాడు. అంకెలు ఎరగా వేసి, తీసివేస్తే నవ్వేవాడిదా తప్పు, తీసినవాడిదా?

సార్: అంటే పెద్దల తొందరనూ మర్యాద అంటారు, పెద్దల నసుగుడునూ మర్యాద అంటారు. మీ మర్యాద అన్నిటికీ సరిపోతుందే! ఒకటి అడుగుతాను. పలక, బలపం కలిపి 110 రూపాయలు. పలక ధర బలపం ధర కన్నా 100 రూపాయలు ఎక్కువ. బలపం ఎంత?

మేడం: పది. ...ఆగండి. పది అయితే పలక 110, రెండూ కలిపి 120. ఐదు.

సార్: మీరు ఆగారు. ఆగనివాళ్లే ఎక్కువ. షేన్ ఫ్రెడరిక్ అనే పరిశోధకుడు ఇదే లెక్కను బ్యాటూ బంతీ పేర్లతో, ఇంకో రెండు ప్రశ్నలు చేర్చి 3,428 మందికి పెట్టి 2005లో ఫలితాలు అచ్చువేశాడు. అందులో ఎక్కువమంది కాలేజీ విద్యార్థులే. మూడింటిలో ఒక్కటీ సరిగ్గా చెప్పలేనివాళ్లు నూటికి 33. పేరుమోసిన ఎంఐటీలో కూడా సగటు మూడింటికి 2.18. ఇక్కడ అంకెలతో ఎర వేయలేదు, దాచింది లేదు. లెక్క పచ్చిగా ఎదురుగా ఉంది.

మేడం: అయితే మీ కేసు మీరే కొట్టేసుకున్నారు! పెద్దలు అతిగా ఆలోచిస్తారని కదా మొదలుపెట్టారు? ఇక్కడ ఆలోచించకనే పడ్డారు.

సార్: కొట్టేసుకోలేదు, సరిదిద్దుకుంటున్నాను. ఆలోచన ఎక్కువా తక్కువా అన్నది కాదు చిక్కు. ప్రశ్న వినకముందే దాని వాలకం చూసి తీర్పు ఇచ్చేస్తున్నాం. తెలిసిన లెక్కలా కనపడితే ఆలోచన పైసా ఖర్చు పెట్టం. పొడుపు కథలా కనపడితే ఉన్నదంతా ధారపోస్తాం. రెండు చోట్లా ప్రశ్నలోని మాటలు మాత్రం వినం. చెప్పండి, కురుక్షేత్రంలో రాముడి రథం తోలింది ఎవరు?

మేడం: కృష్ణు... మీరు చాలా అన్యాయం సార్.

సార్: తెలుగు మేడం! రామాయణ భారతాలు నోటికి వచ్చినవారు! రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాణ్ణి ఊరంతా నవ్వింది గానీ, వాడు కనీసం అనుమానం అడిగాడు. ఎరిక్సన్, మాట్సన్ అనే పరిశోధకులు 1981లో బైబిలు కథతో ఇదే చేశారు. మోజెస్ ఓడలోకి ఒక్కో జాతి జంతువులు ఎన్నేసి ఎక్కించాడు అని అడిగితే ఎక్కువమంది రెండేసి అన్నారు. ఓడ నోవాదని తెలిసినవాళ్లే. తెలియక తప్పడం వేరు, తెలిసీ వినకపోవడం వేరు.

మేడం: వినకపోవడం కాదు, నేను మీ మాట దిద్దుకుని విన్నాను. కురుక్షేత్రం అన్నారు, రథం అన్నారు, తోలడం అన్నారు. రాముడన్నది నోరు జారిందనుకుని అర్జునుడు అని లోపల మార్చుకున్నాను. మన ప్రాంతంలో ఇట్లా దిద్దుకోకుండా ఒక్క పూట గడవదు సార్. ఇటు బీదర్, అటు మహారాష్ట్ర. నారాయణఖేడ్ అంగట్లో ఒక మాట తెలుగు, రెండోది కన్నడం, మూడోది ఉర్దూ, బేరం కుదిరేటప్పటికి మరాఠీ. కూరగాయలమ్మే ఆమె ఒకటనబోయి ఒకటంటే, ‘మీరన్నది తప్పు’ అని నిలబడతామా? ఆమె చెయ్యి ఎటు చూపిస్తుందో చూసి సంచీ పడతాం. పదం పదం పట్టుకుని వినేవాడికి ఇక్కడ కూర దొరకదు. మీరు లోపం అంటున్నది మాకు బతకడం నేర్పిన గుణం.

సార్: అంగట్లో సరే. లెక్కలో?

మేడం: లెక్కకు వస్తాను, ముందు ఒక ఫారం నింపండి. సిర్గాపూర్‌లోనే 1950లో పుట్టిన తాత ఒకాయన ఉన్నాడనుకోండి. కాగితం మీద ‘పుట్టిన జిల్లా’ అని ఉంది. ఇంతకన్నా తేలిక ప్రశ్న ఉంటుందా? ఊరు మారలేదు, ఇల్లు మారలేదు. కానీ ఆయన పుట్టినప్పుడు మన నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉంది, రాష్ట్రం హైదరాబాద్. 1956లో రాష్ట్రాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు మెదక్ జిల్లాలో కలిపారు. 2016 అక్టోబర్ 11 నుంచి సంగారెడ్డి జిల్లా. ఆ తాత కలం పట్టుకుని ఆలోచిస్తుంటే, కౌంటర్ వెనక కుర్రవాడు ‘పుట్టిన జిల్లా కూడా తెల్వదా పెద్దాయనా’ అంటాడు. ఇప్పుడు చెప్పండి, అతిగా ఆలోచించింది ఎవరు, ఆలోచించనిది ఎవరు? ‘భూమి నీ పేరు మీద ఉందా’ అని అడిగితే ఔనో కాదో చెప్పాలి, అంతే కదా? రిజిస్ట్రేషన్ లేని సాదా బైనామా కాగితం మీద కొనుక్కుని ఏళ్ల తరబడి దున్నుకుంటున్న రైతు ఏం చెప్పాలి? ఔనంటే అబద్ధం, కాదంటే ఉన్నది పోతుంది. తేలిగ్గా కనిపించే ప్రశ్నలే మనవాళ్లను ముంచాయి. అందుకే చిన్న ప్రశ్న వినగానే పెద్దవాళ్లు వెనకాముందూ చూస్తారు. మీరు జబ్బు అన్నారు, నేను దాన్ని అనుభవం అంటాను.

సార్: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు మేడం. ఆఫీసులో తటపటాయించినవాణ్ణి నేనూ తప్పు పట్టను. కానీ మన బడి బాలసభకు వచ్చిన తల్లిదండ్రుల ముందు ఏ ఫారమూ లేదు, ఏ భూమీ పోదు. కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా అని అడిగాను. అందరూ మాట్లాడకుండా పక్కవాళ్ల మొహాలు చూశారు. వాళ్లు దూది గురించి ఆలోచించలేదు, ఇనుము గురించీ ఆలోచించలేదు. ‘సార్ ఇది ఎందుకు అడుగుతున్నాడు? నేను చెప్తే ఎవరు నవ్వుతారు?’ ఇదే వాళ్ల ఆలోచన. ఎంత ఆలోచించినా అది ప్రశ్న మీద పడలేదు, అడిగినవాడి మీద పడింది. మీరు మర్యాద అన్నా, అనుభవం అన్నా, నా లెక్కలో దాని పేరు భయం. నలుగురిలో నవ్వులపాలు అవుతామనే భయం. పిల్లవాడికి ఆ భయం లేదు కాబట్టే నోరు తెరుస్తాడు.

మేడం: నోరు తెరిచి ఏమంటాడు? ఇనుము అంటాడు. నేనూ అడిగాను లెండి, మూడో తరగతి మొత్తం ఒక్క గొంతుతో ఇనుము అన్నది. మీ నిర్భయుడు తప్పు చెప్పాడు, మీ భయస్తుడు తప్పు చెప్పకుండా ఆగాడు.

సార్: తప్పు చెప్పినవాడు వెంటనే నేర్చుకుంటాడు. ఆగినవాడు అట్లే ఇంటికి పోతాడు.

మేడం: అందరూ అట్లే పోరు. ఒక పత్తి రైతును ఇదే అడిగితే ఆయన నన్నే ఎదురడిగాడు. ‘తేమ ఎంత మేడం?’ అని. కాటన్ కార్పొరేషన్ వాళ్లు తేమ ఎనిమిది శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తారు. అది దాటితే కోత, పన్నెండు దాటితే కొనరు. కిలో దూది అంటే అందులో దూది ఎంత, నీళ్లెంత అన్నది ఆయనకు అన్నం ముద్ద లెక్క. అది మీ కిటుకు కన్నా వెయ్యి రెట్లు మంచి ప్రశ్న. ఫిజిక్స్ మేడంను కూడా అడిగాను, ఆమె నవ్వి ఇంకో మెలిక వేసింది. దూది ఇనుము కన్నా ఎక్కువ చోటు పడుతుంది, అంత గాలిని పక్కకు నెడుతుంది, ఆ మేరకు గాలి దాన్ని పైకి లేపుతుంది. కాబట్టి గాలిలో తూస్తే కిలో దూది గ్రాములో ఏ సగం మేరకో తేలిగ్గా తూగుతుందట. ‘రెండూ సమానం’ అని చప్పట్లు కొట్టించుకునే జవాబు కూడా ఆఖరి మాట కాదు. ఆలోచన ఎక్కడ అతి అవుతుందో గీత గీసే హక్కు ప్రశ్న అడిగినవాడికి ఎవరిచ్చారు?

సార్: ఆట నియమాలు ఇచ్చాయి. ఆటకు గీత లేకపోతే ఆటే లేదు. చదరంగంలో ‘రాజు గుర్రమెక్కి పారిపోతాడు’ అంటే ఎట్లా?

మేడం: గీత ముందే గీస్తే నాకు అభ్యంతరం లేదు. మన పొడుపు కథ గీత గీసే ఆడుతుంది. ఎన్నిసార్లు వేసినా తీసినా చప్పుడు కాని తలుపుల గురించి పొడిచి, కన్నురెప్పలు అని విప్పిస్తారు. చెప్పిన ప్రతి గుర్తూ నిజం. ఆలోచించినకొద్దీ జవాబు దగ్గరవుతుంది. అదొక సంపద అనుకునే కసిరెడ్డి వెంకటరెడ్డి లాంటివారు పొడుపు కథల మీద పరిశోధన చేశారు. అవధానంలో సమస్య ఇచ్చేవారు వినడానికి తప్పుగా ఉన్న పాదం ఇస్తారు, అవధాని దాన్ని ఒప్పు చేస్తాడు. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడి పనే తిరకాసు ప్రశ్నలతో అవధాని ధ్యాస చెదరగొట్టడం. కానీ అది అప్రస్తుతమని సభకంతా తెలుసు, అవధానికీ తెలుసు. మీ పిట్టల ప్రశ్న అట్లా కాదు. లెక్కల వేషం వేసుకుని వచ్చి, లెక్క చేసినవాణ్ణి వెక్కిరిస్తుంది. పొడుపు కథ ఆలోచనకు బహుమతి ఇస్తే, తిరకాసు ప్రశ్న ఆలోచనకు శిక్ష వేస్తుంది.

సార్: ఇక్కడే మీరు పిట్టలకు అన్యాయం చేస్తున్నారు. ఆ ప్రశ్న బడిలో పుట్టిందనుకుంటున్నారా? నల్లవాగు ప్రాజెక్టు నీళ్లు అందని మెట్ట చేలల్లో జొన్న గింజ పట్టే రోజుల్లో మంచె మీద కాపలా కూర్చున్నవాణ్ణి అడగండి. వడిసెలతో ఒక్క రాయి వేస్తే చేలో ఎన్ని పిట్టలుంటాయి? వాడు తొమ్మిది అనడు, అననే అనడు. ఒక్క రాయికి మంద మొత్తం లేస్తుందని వాడి చేతికి తెలుసు, అందుకే రాయి వేస్తాడు. వాడికి అది తిరకాసే కాదు, చూసింది చెప్పడమే. దాన్ని తీసివేత లెక్కగా మార్చింది మన పలకా బలపమూ. చప్పుడుకు పిట్టలు ఎగిరిపోతాయన్న సంగతి చెరిపేసి, పది మైనస్ ఒకటి అని నేర్పింది మనం. కాబట్టి వేషం ప్రశ్నది కాదు మేడం. ప్రశ్న పిట్టలతోనే వచ్చింది, మనకు అంకెలే కనపడ్డాయి.

మేడం: ఇది మీరు మొదటే చెప్పి ఉండాల్సింది. మీ వాదనలో దీన్ని మించింది లేదు. అయితే దీంతో పిల్లలు, పెద్దలు అన్న గీత చెరిగిపోయింది చూశారా? మంచె మీద ఉన్నవాడూ పెద్దవాడే. ఇప్పుడు తగాదా చేనుకూ బడికీ మధ్య.

సార్: ఔను. తగాదా అక్కడికే చేరాలి.

మేడం: చేరిందనే అనుకుందాం. చేను గెలిచిందని మాత్రం తేల్చకండి. లూరియా అనే రష్యన్ పండితుడు 1931, 32లో ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో బడికి పోని రైతులను అడిగాడు. మంచు ఉండే దూర ఉత్తరాన ఎలుగుబంట్లన్నీ తెల్లవి. నోవాయా జెమ్ల్యా అక్కడే ఉంది. అక్కడి ఎలుగుబంట్లు ఏ రంగు? ‘నేను అక్కడికి పోలేదు, చూసినవాళ్లను అడగండి’ అన్నారు. ఎంత నిజాయితీ! కానీ ప్రశ్నలోనే ఉన్న జవాబు వాళ్లు తీసుకోలేదు. కొద్దిగా చదువుకున్నవాళ్లు ‘మీరు చెప్పినదాన్ని బట్టి తెల్లవే అయి ఉండాలి’ అన్నారు. చూడనిదాన్ని ‘అనుకుందాం’ అని ఒప్పుకుని ముందుకు నడవడం బడి ఇచ్చిన బలం. మీ x అక్కడినుంచే వచ్చింది. పిట్టలను మరిచి అంకెలు చూడటం ఆ బలానికి మనం కట్టే వెల. వెల ఎక్కువైందంటారా, అనండి. ఊరికే దండగ పెట్టామనకండి.

సార్: దండగ అనను. వెల తగ్గించవచ్చా అని అడుగుతాను. నా అనుభవంలో తగ్గించవచ్చు. అప్పుడప్పుడు పాఠం మధ్యలో ఇట్లాంటిది ఒకటి వేస్తే పిల్లలు లెక్క మొదలుపెట్టేముందు ప్రశ్న రెండోసారి చదువుతారు.

మేడం: పాఠం మధ్యలో వేయండి. మార్కులకు వేయకండి. నా పట్టుదల అంతా దీని గురించే. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఇదొక రోగంలా పాకింది కదా. మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుంటుంది, విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి అని. మన ఊళ్ల నుంచి హైదరాబాద్ పోయి సాఫ్ట్‌వేర్ కంపెనీల గదుల్లో కూర్చున్న పిల్లలు ఆ ప్రశ్నలకు తడబడి, తమకు తెలివి లేదనుకుని తిరిగొచ్చారు. అప్పట్లో గూగుల్‌లో నియామకాలు చూస్తున్న లాస్లో బాక్ 2013లో బాహాటంగా చెప్పాడు, అట్లాంటి చిక్కు ప్రశ్నలు శుద్ధ దండగ, వాటితో ఎవరు పని చేస్తారో తెలియదు, అడిగేవాడు తాను తెలివైనవాణ్ణని మురిసిపోవడానికే పనికొస్తాయి అని. ఆఖరి మాట గుర్తుపెట్టుకోండి సార్, మన లాంటివాళ్లకు కూడా వర్తిస్తుంది. పిట్టల ప్రశ్న అడిగి తల్లిదండ్రులు తికమక పడుతుంటే మీకు కాస్త సంతోషం కలగలేదా?

సార్: కలిగింది. కాదంటే అబద్ధం. కానీ మీకు రాముడి రథం దగ్గర కోపం వచ్చింది చూశారా, అది కూడా అదే తాడుకు రెండో కొస. అడిగినవాడికి గర్వం, పడినవాడికి పరువు. పెద్దలు పడితే నవ్వి ఊరుకోరు, ప్రశ్నలో లోపం వెతుకుతారు. కొమ్మల్లో ఇరికిందేమో, చెవిటి పిట్టేమో అన్నవన్నీ అందుకే. పిల్లవాడు పడితే అరనిమిషం మొహం మాడ్చుకుని, వెంటనే ఇంకొకణ్ణి పడెయ్యడానికి పరిగెడతాడు. పడటంలో తేడా లేదు, లేవడంలో ఉంది.

మేడం: అది ఒప్పుకుంటాను. మనవాళ్లు పరువును మరీ నెత్తిన పెట్టుకుంటారు. కానీ పరువు దింపుకోమని చెప్పేముందు, దింపితే ఎవరూ తొక్కరని నమ్మకం కలిగించాలి. కౌంటర్ దగ్గర ఆ తాతను నవ్విన కుర్రవాడు ఉన్నంతకాలం ఆ నమ్మకం రాదు. పిల్లవాడు లేచి పరిగెత్తగలిగేది, పడ్డందుకు వాడికి పోయేదేమీ లేదు కాబట్టి.

సార్: అయితే వచ్చే బాలసభలో అడగాలా, వద్దా?

మేడం: అడగండి. కాకపోతే ముందే చెప్పండి, ఇది తిరకాసు ప్రశ్న, జాగ్రత్తగా వినండి అని.

సార్: ముందే చెప్పేస్తే ఇంకెవరు పడతారు మేడం? ఆట చప్పబడిపోతుంది.

మేడం: ఆ బెంగ పెట్టుకోకండి. మీరు చెప్పిన 1981 నాటి ఓడ ప్రశ్న వాళ్లు కూడా ముందే చెప్పారు. కొన్ని ప్రశ్నల్లో తప్పు ఉంటుంది, ఉంటే తప్పని చెప్పండి అని చెప్పి మరీ అడిగారు. అయినా పడ్డారు.